టెక్ సందేహాలు: రామప్ప దాకా ఒక్కరోజు ట్రిప్పు.. ఫోన్‌లో ఏం సర్దుకోవాలి?

సెలవులు దగ్గరపడితే చాలు, ఫోన్ హ్యాంగ్ అవుతోందనే ప్రశ్నలు తగ్గి ఊళ్లు తిరిగే ప్రశ్నలు మొదలవుతాయి. ఈ వారం వచ్చినవాటిలో సగానికి సగం వరంగల్, రామప్ప దారివే. అందుకే అన్నీ ఒక్కచోట.

ఉప్పల్‌లో ఉంటాం. అమ్మానాన్నలతో కలిపి ఆరుగురం. కారు మాట్లాడుకుని కొలనుపాక, పెంబర్తి, వేయిస్తంభాల గుడి, వరంగల్ కోట, రామప్ప, లక్నవరం ఒక్కరోజులో చూసి రావాలని ప్లాన్. గూగుల్ మ్యాప్స్‌లో అన్నీ పెడితే రానూపోనూ పది గంటలు చూపిస్తోంది. సరిపోతుంది కదా?

సరిపోదండీ. ఆ పది గంటలు కారు చక్రాలు తిరిగే సమయం మాత్రమే. మీరు దిగడం, చెప్పులు విప్పడం, నాన్నగారు మెట్లెక్కడం, టీ తాగడం.. ఇవేవీ మ్యాప్స్ లెక్కలో ఉండవు. ఆరు చోట్ల గంటన్నర చొప్పున వేసుకున్నా ఇంకో తొమ్మిది గంటలు. తెల్లారి ఐదింటికి బయల్దేరినా ఇంటికొచ్చేసరికి అర్ధరాత్రి అవుతుంది.

ఇంకో చిక్కుంది. మీరు ఏ వేళప్పుడు మ్యాప్స్ తెరిస్తే ఆ వేళకున్న ట్రాఫిక్‌ని బట్టే టైమ్ చూపిస్తుంది. రాత్రి పదకొండింటికి సోఫాలో కూర్చుని చూసిన లెక్క, సాయంత్రం ఏడింటికి ఘట్‌కేసర్ దగ్గర పనికిరాదు. అందుకని స్టాప్‌లన్నీ ఒకేసారి పెట్టకుండా రెండేసి ఊళ్ల మధ్య విడివిడిగా చూడండి. డైరెక్షన్స్ తెరిచి, పైన మూడు చుక్కలు నొక్కితే బయల్దేరే టైమ్ లేదా చేరాల్సిన టైమ్ పెట్టుకునే ఆప్షన్ ఉంటుంది. వెళ్లే రోజు, వెళ్లే గంట అక్కడ పెట్టండి. 'ఇంతనుంచి ఇంతలోపు' అని రెండు అంకెలు వస్తాయి. పెద్ద అంకెనే నమ్మండి.

నేనైతే ఈ జాబితాలో కొలనుపాక, లక్నవరం తీసేస్తాను. కొలనుపాక జైన గుడి ఆలేరు పక్కనే కాబట్టి ఇంకో ఆదివారం సగం పూటలో అయిపోతుంది. లక్నవరం వెళితే అక్కడే ఓ పూట గడపాలి, వేలాడే వంతెన మీద ఫొటో దిగి పరిగెత్తుకొచ్చేది కాదు. మిగిలిన నాలుగింటిలో అన్నిటికన్నా దూరమైన రామప్పకి ముందు వెళ్లండి. తొమ్మిది, తొమ్మిదిన్నరకల్లా రామప్ప గుడి ఉన్న పాలంపేటలో ఉంటే రాయి ఇంకా కాలకముందే గుడి చూసేయొచ్చు. మధ్యాహ్నం హన్మకొండలో భోజనం, వేయిస్తంభాల గుడి, ఎండ వాలాక కోటలో కీర్తి తోరణాలు, తిరుగుదారిలో పెంబర్తి. దూరంది ముందు పెట్టుకోవడంలో సుఖం ఏమిటంటే, ఎక్కడైనా ఆలస్యమైతే వదిలేయాల్సి వచ్చేది ఇంటికి దగ్గరగా ఉన్నదే. పెంబర్తి మళ్లీ ఎప్పుడైనా వెళ్లొచ్చు. డిసెంబరులో ఆరు కొట్టేలోపే పొద్దుగుంకుతుందన్నది కూడా లెక్కలో వేసుకోండి.

చాట్‌బాట్‌ని అడిగి ప్లాన్ రాయించుకున్నవాళ్లకీ ఒక మాట. నేనూ ఒకసారి అడిగి చూశాను. భోజనానికి నలభై నిమిషాలు, కోటకి అరగంట అని నిమిషాలతో సహా పట్టిక వేసిచ్చింది. చూడ్డానికి ముచ్చటగా ఉంది కానీ అందులో రెండు ఊళ్ల మధ్య దూరం సగానికి సగం తప్పు. ఏమేం చూడొచ్చో చెప్పించుకోవడం వరకూ వాడుకోండి. కిలోమీటర్లు మ్యాప్‌లో, తెరిచే వేళలు ఫోన్ చేసి కనుక్కోండి.

ములుగు దాటాక సిగ్నల్ సరిగా ఉండదంటున్నారు. నెట్ లేకపోతే జీపీఎస్ కూడా పోతుందా?

పోదు. జీపీఎస్‌కీ నెట్‌కీ సంబంధం లేదు. ఫోన్ నేరుగా ఉపగ్రహాల సంకేతాలు అందుకుని తానెక్కడుందో లెక్కగట్టుకుంటుంది. నెట్ ఉంటే మొదటిసారి చోటు దొరకడం త్వరగా అవుతుంది, లేకపోతే కాస్త ఆలస్యం, అంతే. సిగ్నల్ లేనప్పుడు పోయేది జీపీఎస్ కాదు, దాని వెనకుండే మ్యాప్ బొమ్మ. తెల్లటి కాగితం మీద నీలం చుక్క కదులుతున్నట్టు ఉంటుంది.

దానికి మందు ఆఫ్‌లైన్ మ్యాప్. గూగుల్ మ్యాప్స్‌లో పైన మీ ప్రొఫైల్ బొమ్మ నొక్కి, ఆఫ్‌లైన్ మ్యాప్స్‌లోకి వెళ్లి, హైదరాబాద్ నుంచి ములుగు దాకా పట్టేలా చతురస్రం లాగి డౌన్‌లోడ్ కొట్టండి. ఇంట్లో వైఫైలో చేయండి, వందల ఎంబీలు తింటుంది. ఐఫోన్‌లో ఐఓఎస్ 17 నుంచి ఆపిల్ మ్యాప్స్‌లోనూ ఈ సదుపాయం ఉంది. గూగుల్‌లో అయితే ఆఫ్‌లైన్‌లో కారు దారి చూపిస్తుంది గానీ ట్రాఫిక్ తెలియదు, నడక దారి కూడా చెప్పదు. ఎప్పుడో పోయినేడు దించుకున్న మ్యాప్ ఉందిలే అనుకోకండి. వాటికి గడువుంటుంది, దాటితే చెల్లవు.

డౌన్‌లోడ్ అయ్యాక చాలామంది చేయని పని ఒకటుంది. ఫోన్‌ని ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, రామప్ప అని వెతికి, దారి వస్తోందో లేదో ఇంట్లోనే చూసుకోవడం. రెండు నిమిషాల పని. నేనిలా చూసుకోకుండా బయల్దేరి ఒకసారి తగిన శాస్తి చేయించుకున్నా. సిగ్నల్ పోయింది, ఫోన్‌లో ఉన్న పాత మ్యాప్ దగ్గరి దారని చెప్పి కాలువ గట్టు మీదికి తీసుకెళ్లింది. గట్టు సన్నబడుతూ సన్నబడుతూ చివరికి వరిచేలో కలిసింది. కారు వెనక్కి తిప్పే జాగా లేదు. అటుగా గడ్డిమోపుతో వస్తున్న పెద్దాయన ఆగి, కారునీ నన్నూ చూసి, "ఫోన్ చెప్పిందా బిడ్డా? పోయిన్నెల గూడ ఒకరొచ్చిండ్రు" అన్నాడు. వెనక్కి వెనక్కి రివర్స్‌లో వచ్చేదాకా గట్టు చివర నిలబడి చేత్తో సైగలు చేసింది ఆయనే. అప్పటినుంచి తారు రోడ్డు దిగమని ఏ మ్యాప్ చెప్పినా, కారాపి పక్కన కనబడినవాళ్లని అడుగుతున్నా.

మా నాన్నగారు రిటైర్డ్ తెలుగు మాస్టారు. రామప్ప శాసనాన్ని ఫోన్‌తో చదివించొచ్చా? గూగుల్ లెన్స్ పనిచేస్తుందా?

ఈ వారం నాకు బాగా నచ్చిన ప్రశ్న ఇది. జవాబు మాత్రం కాస్త నిరాశే. లెన్స్ చదివేది నేటి అచ్చు అక్షరాలు. ఆ శాసనం శాలివాహన శకం 1135 నాటిది, అంటే 1213. గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు గుడి కట్టించినప్పుడు వేయించింది. భాష సంస్కృతం, లిపి తెలుగూ కన్నడమూ ఇంకా పూర్తిగా వేరుపడని నాటిది. లెన్స్ పెడితే ఏమీ లేదంటుంది, లేదా సంబంధం లేని ముక్కలు నాలుగు చూపిస్తుంది. చాట్‌బాట్‌కి ఫొటో ఇస్తే ఇంకా ప్రమాదం. ధీమాగా ఓ అనువాదం ఇచ్చేస్తుంది. అనుమానమొస్తే అదే ఫొటోని రెండోసారి, కొత్త చాట్‌లో ఇచ్చి అడగండి. రెండుసార్లూ రెండు కథలు చెబితే రెండూ పక్కన పడేయండి.

మాస్టారుగారే నయం. కొన్ని అక్షరాలు ఆయన తప్పకుండా పోల్చుకుంటారు. మీరు చేయగలిగిందల్లా ఆయన ఇంటికొచ్చాక తీరిగ్గా చూసుకునేలా మంచి ఫొటోలు తీసివ్వడం. దానికో చిట్కా ఉంది. ఫ్లాష్ వేయకండి. ఎదురుగా వెలుగు పడితే చెక్కిన గీతల్లో నీడ పోయి రాయి అంతా చదునుగా వస్తుంది. ఇంకొకరి ఫోన్ టార్చ్ వెలిగించి, శాసన స్తంభానికి దాదాపు ఆనించినట్టుగా పక్కనుంచి ఏటవాలుగా పట్టుకోమనండి. ప్రతి గీతలోనూ సన్నటి నీడ పడి, అప్పటిదాకా గరుకుగా కనిపించిన రాయి మీద అక్షరాలు వరసగా లేచి నిలబడతాయి. టార్చ్‌ని ఎడమ నుంచి ఒకసారి, పైనుంచి ఒకసారి పట్టి రెండేసి ఫొటోలు తీయండి. ఒక వెలుగులో దాగిన గీత ఇంకో వెలుగులో దొరుకుతుంది. స్తంభానికి నాలుగు ముఖాలు. ఒక్కోదాన్ని పైనుంచి కిందికి ముక్కలుగా, ఒక ముక్క చివరి వరస తర్వాతి ఫొటోలోనూ వచ్చేలా తీస్తే తర్వాత కలుపుకోవడం తేలిక. అక్షరాలు తేలాలని సుద్దపొడి, నీళ్లు, నూనె మాత్రం రాయకండి. రక్షిత కట్టడం అది, 2021 నుంచి యునెస్కో వారసత్వ జాబితాలోనూ ఉంది.

అక్కడే ఇంకో ఫొటో సంగతి. గుడి చూరు కింద నిలిచిన మదనికల శిల్పాలు నల్లరాతివి. వెనక తెల్లటి ఆకాశం ఉంటే ఫోన్ ఆకాశాన్నే లెక్కలోకి తీసుకుని శిల్పాన్ని నల్ల బొమ్మగా మార్చేస్తుంది. తెర మీద శిల్పం ముఖాన్ని వేలితో నొక్కి, పక్కన వచ్చే చిన్న సూర్యుడి గుర్తుని కొంచెం పైకి జరపండి. ఆకాశం తెల్లబడిపోతే పోనీయండి. మీరొచ్చింది ఆకాశం కోసం కాదుగా.

సొంత కారుకి ఫాస్టాగ్ యాన్యువల్ పాస్ తీసుకున్నా. ఈసారి ట్యాక్సీ మాట్లాడుకున్నాం. ఆ పాస్ దానికి వాడుకోవచ్చా?

కుదరదు. 2025 ఆగస్టు 15న వచ్చిన ఈ పాస్ (మొదలైనప్పుడు ధర ₹3,000, 200 ట్రిప్పులు లేదా ఏడాది, ఏది ముందైతే అది) సొంత వాడకపు కార్లు, జీపులు, వ్యాన్లకే. పైగా అది ఏ బండి నంబరు మీద తీసుకుంటే ఆ బండికే. రాష్ట్ర రహదారుల టోల్‌ప్లాజాల్లోనూ పనిచేయదు.

ట్యాక్సీలో తగాదా వచ్చేది టోల్ దగ్గర కాదు, కిలోమీటర్ల దగ్గర. బిల్లు మీ ఇంటి నుంచా, వాళ్ల షెడ్డు నుంచి షెడ్డుకా అన్నది మాట్లాడుకునేటప్పుడే వాట్సాప్‌లో రాతపూర్వకంగా తీసుకోండి. బండెక్కగానే మీటర్ రీడింగ్ ఫొటో, దిగేటప్పుడు ఇంకో ఫొటో. ఏ యాప్ లెక్కకన్నా ఈ రెండు ఫొటోలకే విలువెక్కువ. నెట్‌లో దొరికిన నంబరుకి ఫోన్ చేస్తే అడ్వాన్స్ కోసం ఏదో యాప్ వేసుకోమన్నా, స్క్రీన్ షేర్ చేయమన్నా ఒప్పుకోకుండా ఫోన్ కట్ చేయండి. డబ్బు అప్పటికే పోయి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

పెంబర్తిలో ఇత్తడి వస్తువులు కొనాలని ఉంది. సిగ్నల్ లేకపోతే యూపీఐ లైట్‌తో కట్టొచ్చా?

చాలామంది పొరబడేది ఇక్కడే. యూపీఐ లైట్‌లో తప్పేది పిన్ కొట్టడం, నెట్ కాదు. దానికీ డేటా కావాల్సిందే. ఫోన్‌లో డయల్ చేసి డబ్బు పంపే *99# అయితే డేటా లేకుండా నడుస్తుంది, కానీ మొబైల్ సిగ్నల్ ఉండాలి. పెంబర్తి హైవే పక్క ఊరే కాబట్టి మీకు ఇబ్బంది రాకపోవచ్చు. అయినా ఐదొందల నోట్లు నాలుగు, చిల్లర కొంత దగ్గరుంచుకోండి. లక్క మీద ఇత్తడి రేకుని పరిచి సుత్తీ ఉలితో బొమ్మ లేపుతుంటే చూస్తూ నిలబడిపోతారు. వీడియో తీసేముందు మాత్రం ఒక్క మాట అడగండి.

10,000 ఎంఏహెచ్ పవర్‌బ్యాంక్ ఉంది. 5,000 ఎంఏహెచ్ ఫోన్ రెండుసార్లు నిండాలి కదా, ఒకటింపావుకే అయిపోతోంది. పాడైందా?

పాడవలేదు. ఆ 10,000 లోపలి బ్యాటరీది, 3.7 వోల్టుల దగ్గర లెక్క. ఫోన్‌కి ఇచ్చేటప్పుడు 5 వోల్టులకి పెంచాలి, మధ్యలో కొంత వేడిగా పోతుంది. చేతికొచ్చేది ఆరు వేలు, ఆరున్నర వేలు. దారిలో ఫోన్‌ని డ్యాష్‌బోర్డు మీద ఎండలో పెట్టి చార్జ్ చేస్తే వేడెక్కి తెర మసకబారుతుంది, చార్జింగూ నెమ్మదిస్తుంది. ఏసీ గాలి తగిలేచోట హోల్డర్ బిగించండి.

నా దగ్గర 250 గ్రాముల్లోపు బుల్లి డ్రోన్ ఉంది. దానికి అనుమతి అక్కర్లేదంటగా. కోట మీద ఎగరేయొచ్చా?

ఆ బరువు లోపు వాటికి పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదన్నది నిజమే. కానీ అది మీ సంగతి, కోట సంగతి వేరు. పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడం మీద ఎగరేయాలంటే ఆ శాఖ అనుమతి కావాలి. డ్రోన్ ఇంట్లోనే ఉంచేయండి.

డాలస్‌లో ఉంటాను. అమ్మానాన్న వచ్చే వారం ఈ ట్రిప్పుకే వెళ్తున్నారు. లైవ్ లొకేషన్ పెట్టమంటే మధ్యలో ఆగిపోతోంది. నాకేమో టెన్షన్.

వాట్సాప్ లైవ్ లొకేషన్ గరిష్ఠంగా 8 గంటలే. పొద్దున ఐదింటికి పెడితే మధ్యాహ్నం ఒంటిగంటకి దానంతటదే ఆగిపోతుంది. నాన్నగారి ఫోన్‌లో గూగుల్ మ్యాప్స్ తెరిపించి, లొకేషన్ షేరింగ్‌లో 'ఆపేదాకా' అన్నది పెట్టించండి. బ్యాటరీ సేవర్ ఆపేసి ఉంచమనండి. ములుగు దాటాక డేటా లేనిచోట చుక్క కదలకుండా నిలిచిపోతుంది. దాని పక్కనే ఎన్ని నిమిషాల కిందటిదో రాసుంటుంది, కంగారు పడేముందు అది చూడండి. అప్పుడు మీకు అర్ధరాత్రి దగ్గర పడుతుంటుంది. అమ్మని హన్మకొండలో భోజనానికి కూర్చోగానే ఒక్క మెసేజ్ పెట్టమని చెప్పి పడుకోండి.