ఊదితే టీబీ తెలుస్తుందా?

ప్రశ్న: డాక్టరుగారూ, మా నాన్నకు 58 ఏళ్లు. మార్కాపురం పలకల గనుల్లో చాలా ఏళ్లు రాయి చీల్చారు. నెలన్నరగా దగ్గు, సాయంత్రమయ్యేసరికి ఒళ్లు వెచ్చబడుతోంది. తెమడ ఇమ్మంటే ఉమ్మే పడుతోంది. పరీక్షలో ఏమీ లేదన్నారు. ఊదితే టీబీ చెప్పే సెన్సర్ వచ్చిందని తమ్ముడు అంటున్నాడు. అదెక్కడ దొరుకుతుంది?
– ఓ పాఠకురాలు, మార్కాపురం

జవాబు: అమ్మా, దానికోసం ఆగొద్దు. అది ఇంకా పరిశోధనల్లోనే ఉంది.

తమ్ముడు విన్నది అబద్ధం కాదు. టీబీ క్రిమి పెరిగేటప్పుడు మిథైల్ నికోటినేట్ లాంటి ఆవిరయ్యే రసాయనాలు వదులుతుంది. సెన్సర్‌లో ఉండే, కోబాల్ట్ పట్టించిన టైటానియం డయాక్సైడ్ సూక్ష్మనాళికలకు అవి తగిలితే వాటిలో పారే కరెంటు మారుతుంది. ఆ మార్పును కొలుస్తారు. తెమడ పడని పెద్దవాళ్లకు, పసిపిల్లలకు ఇలాంటిది రావాలని నేనూ గట్టిగా కోరుకుంటున్నాను. చిక్కల్లా ఊపిరిలో ఇంకా వందల రసాయనాలుండటమే. బీడీ తాగినా, షుగరున్నా ఊపిరి మారుతుంది. అంతెందుకు, నడుంనొప్పికి రాసుకునే కొన్ని పూతమందుల్లోనూ మిథైల్ నికోటినేట్ ఉంటుంది. రాయి కొట్టేవాళ్లలో పూతమందు రాసుకోనివాళ్లెవరు? అందుకే ఈ సెన్సర్లను పలకల గనుల వాళ్ల మీద కూడా పరీక్షించాకే నమ్మాలంటాను.

ఇక నాన్నగారి సంగతి. రాతి దుమ్ములోని సిలికా ఊపిరితిత్తుల్ని పాడుచేస్తుంది, అలాంటివాళ్లకు టీబీ ముప్పు ఎక్కువ. మైక్రోస్కోపులో కనబడాలంటే మిల్లీలీటరు తెమడలో సుమారు 10,000 క్రిములుండాలి. ఉమ్మిలో అన్నెక్కడివి? ఒకసారి లేదన్నారని ఊరుకోవద్దు. తెమడలో టీబీ క్రిమి జన్యుపదార్థాన్ని వెతికే సీబీనాట్ గానీ ట్రూనాట్ గానీ చేయించండి. సీబీనాట్ అయితే రెండు గంటల్లో టీబీనే కాదు, టీబీకి ముఖ్యమైన మందు రిఫాంపిసిన్ పనిచేస్తుందో లేదో కూడా చెబుతుంది.

పొద్దున లేవగానే, ఏమీ తినకముందు, మంచినీళ్లతో నోరు పుక్కిలించమనండి. ఆరుబయట నిలబడి రెండు మూడుసార్లు నిండా గాలి పీల్చి, రొమ్ము లోపలినుంచి దగ్గి డబ్బాలో పట్టాలి. తెమడ చిక్కగా ఉండాలి, నురగ పనికిరాదు. అలా కూడా పడకపోతే ఆస్పత్రిలో ఉప్పునీటి ఆవిరి పట్టించి తీస్తారు.

టీబీ అని తేలితే సర్కారు ఆస్పత్రిలో మందులు ఉచితం, తిండి ఖర్చుకు నెలకు 1,000 రూపాయలు ఖాతాలో వేస్తారు. గనిలో చేశారన్న మాట మాత్రం డాక్టరుకు ముందే చెప్పండి. దుమ్ము పట్టిన ఊపిరితిత్తులకు మందులు మామూలు ఆరు నెలలకంటే ఎక్కువకాలం అవసరం కావచ్చు. పాత ఎక్స్‌రేలుంటే అవీ తీసుకెళ్లండి. పక్కపక్కన పెట్టి చూస్తే పాత దుమ్ము మచ్చేదో, కొత్తగా వచ్చిందేదో పోల్చుకోవడం తేలికవుతుంది.