టెక్ సందేహాలు: సార్ లాగిన్‌లో నెట్ వస్తుంది, నా లాగిన్‌లో రాదు!

ఈ వారం మొదటి ప్రశ్న చీమకుర్తి నుంచి. గ్రానైట్ ఫ్యాక్టరీ ఆఫీసు, ఉన్నది ఒకటే కంప్యూటరు, విండోస్ 11. ఓనరుకు అడ్మిన్ లాగిన్, బిల్లులు కొట్టే కుర్రాడికి స్టాండర్డ్ లాగిన్. "అన్నా, సార్ లాగిన్‌లో యూట్యూబ్ కూడా ఆగకుండా ఆడుతుంది. నా లాగిన్‌లోకి వస్తే ఒక్క పేజీ తెరుచుకోదు. లారీ లోడయి గేటు దగ్గర నిలబడి ఉంటుంది, ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు కావాల్సిన జీఎస్టీ పత్రం) తీయాలంటే పాస్‌వర్డ్ కోసం సార్‌కి ఫోన్ చేయాలి, ఆయన ఒంగోలులో ఏదన్నా పనిలో ఉంటే ఎత్తడు. నెట్ వాళ్ల మనిషి వచ్చి చూసి మా లైన్ బాగానే ఉంది అని వెళ్లిపోయాడు. స్టాండర్డ్ అకౌంటుకు నెట్ రాకూడదని రూలేమన్నా ఉందా?" అని అడిగాడు.

అలాంటి రూలేం లేదు తమ్ముడూ. స్టాండర్డ్ అకౌంటులో ఉండి మొత్తం కంప్యూటరుకు సంబంధించిన సెట్టింగులు మార్చలేవు, కొన్ని ప్రోగ్రాములు ఎక్కించలేవు, అంతే. నెట్ చూసుకోవడానికి అడ్డం లేదు. వచ్చిన మనిషి చెప్పింది కూడా నిజమే. సార్ లాగిన్‌లో వస్తుందంటే లైను, రౌటరు, కేబులు అన్నీ బాగున్నట్టే. కాబట్టి వాటి జోలికి పోవద్దు, రౌటర్ ఆపి ఆపి వేయవద్దు. అకౌంటు మారితే కంప్యూటర్లో ఏవేవి మారతాయో అవి మాత్రమే చూడాలి, అవి మూడో నాలుగో ఉంటాయి.

ముందు ఒక చిన్న పరీక్ష. నీ లాగిన్‌లోనే స్టార్ట్ నొక్కి సీఎండీ అని కొడితే నల్ల స్క్రీన్ వస్తుంది. అందులో పింగ్ అని ఇంగ్లీషులో కొట్టి, స్పేస్ ఇచ్చి, 8.8.8.8 (గూగుల్ వాళ్ల సర్వర్ అడ్రస్) అని ఎంటర్ కొట్టు. దీనికి అడ్మిన్ పాస్‌వర్డ్ అడగదు. రిప్లై అంటూ నాలుగు లైన్లు వచ్చాయంటే నీ లాగిన్‌కి కూడా నెట్ వస్తున్నట్టే. అదే విధంగా గూగుల్ డాట్ కామ్ పేరు కొట్టి చూడు. దానికీ రిప్లై వచ్చి, బ్రౌజర్‌లో మాత్రం పేజీ రాకపోతే, నేను చూసినంతలో చాలాసార్లు దొంగ ఒకడే: ప్రాక్సీ.

ప్రాక్సీ అంటే మధ్యవర్తి. బ్రౌజర్ నేరుగా బయటికి పోకుండా ముందు ఆ మధ్యవర్తిని అడుగుతుంది. విండోస్‌లో ఈ సెట్టింగు మామూలుగా కంప్యూటరు మొత్తానికి ఒకటి కాదు, ఏ యూజరుది ఆ యూజరుకే. సార్‌కి లేకుండా నీకు మాత్రమే ఉండటం అందుకే సాధ్యమైంది. ఎలా వచ్చింది అంటావా, ఆ లాగిన్‌లో ఎవరో ఒక ఫ్రీ వీపీఎన్నో (నెట్‌ను వేరే దారిలో తిప్పి పంపే సాఫ్ట్‌వేర్), సినిమాలు దించుకునే ఏదో సాఫ్ట్‌వేరో పెట్టి తీసేసి ఉంటారు (నువ్వే అని నేను అనడం లేదు). చాలా ప్రోగ్రాములు అడ్మిన్ పాస్‌వర్డ్ అడగకుండా ఆ యూజర్ ఫోల్డర్లోనే కూర్చుంటాయి. తీసేసినప్పుడు ప్రోగ్రామ్ పోతుంది, అది రాసిపెట్టిన ప్రాక్సీ సెట్టింగు ఒక్కోసారి అలాగే ఉండిపోతుంది.

సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, దాంట్లో ప్రాక్సీ తెరువు. కింద మాన్యువల్ ప్రాక్సీ సెటప్ అనే చోట యూజ్ ఏ ప్రాక్సీ సర్వర్ ఆన్‌లో ఉందా? అడ్రస్ దగ్గర 127.0.0.1 అని ఉందా? ఆ అంకెకు అర్థం "ఈ కంప్యూటరే" అని. అంటే నీ బ్రౌజర్ బయటికి దారి చెప్పమని సొంత కంప్యూటర్లో లేని ప్రోగ్రామును అడుగుతోంది, ఖాళీ ఇంటి తలుపు కొట్టినట్టు. ఆఫ్ చేసి సేవ్ కొట్టు. యూజ్ సెటప్ స్క్రిప్ట్ కూడా ఆన్‌లో ఉంటే అదీ ఆపేయి. క్రోమ్, ఎడ్జ్ రెండూ ఈ సెట్టింగునే చూస్తాయి కాబట్టి ఒకేసారి బాగవుతాయి. దీనికీ అడ్మిన్ అవసరం లేదు, నీ ప్రాక్సీ నువ్వే మార్చుకోవచ్చు. అయితే ఒకటి, ఆఫీసు వాళ్లే కావాలని ప్రాక్సీ పెట్టి ఉంటే ముందు సార్‌ని అడుగు. కుర్రాళ్లు పనిలో రీల్స్ చూస్తున్నారని ఆయనే ఆపించాడేమో ఎవరికి తెలుసు!

ఆఫ్ చేశాక మళ్లీ స్టార్ట్ చేస్తే అదే ప్రాక్సీ వచ్చి కూర్చుందంటే మాత్రం ఆ ప్రోగ్రామ్ ఇంకా బతికే ఉంది. టాస్క్ మేనేజర్‌లో స్టార్టప్ యాప్స్ చూసి తెలియని పేర్లు ఆపి, విండోస్ సెక్యూరిటీతో ఫుల్ స్కాన్ పెట్టు.

నవ్వుకోకపోతే ఒక మాట చెప్తా. కొన్నేళ్ల కిందట మా ఇంట్లో కూడా ఇదే జరిగితే నేను నెట్ కంపెనీకి మూడుసార్లు ఫోన్ చేసి గొడవ పెట్టుకున్నా. మే నెల మధ్యాహ్నం, నెల్లూరు ఎండ, ఆ అబ్బాయి చెమటలు కారుతూ స్తంభం ఎక్కి దిగి, లోపలికొచ్చి మా ఆవిడ లాగిన్‌లో నెట్ చూపించి, "సార్, మీ లాగిన్‌లో ఏం పెట్టుకున్నారో చూసుకోండి" అన్నాడు. మజ్జిగ ఇచ్చి పంపించాం. ఆ రోజు నుంచి ముందు ప్రాక్సీ చూస్తా, తర్వాతే ఫోన్.

ఇక పింగ్‌కే రిప్లై రాకపోతే కథ వేరు. వైఫై అయితే, ఆ వైఫై ఒక్క యూజరుకే సేవ్ అయి ఉండొచ్చు. అడ్మిన్ లాగిన్‌లో ఆ వైఫైని ఫర్గెట్ కొట్టి మళ్లీ కలపండి. పాత పద్ధతిలో యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ కొట్టి డయల్ చేసే బ్రాడ్‌బ్యాండ్ అయితే, ఆ కనెక్షన్ తయారు చేసినప్పుడు అందరికీ అని పెట్టకపోతే చేసిన వాడి లాగిన్‌లోనే కనిపిస్తుంది, అడ్మిన్ నుంచి మళ్లీ అందరికీ అని చేయాల్సిందే. విడిగా కొన్న యాంటీవైరస్ ఉంటే దాని ఫైర్‌వాల్‌లో యూజర్ల వారీ నిబంధనలేమైనా ఉన్నాయేమో ఒకసారి చూడండి. ఇవేవీ కాకపోతే సార్ లాగిన్ నుంచి ఇంకో స్టాండర్డ్ అకౌంటు తెరిచి, దాంట్లో నెట్ వస్తుందేమో చూడండి. వచ్చిందంటే పాత అకౌంటు ప్రొఫైల్ (దాని సెట్టింగులు, ఫైళ్లు ఉండే ఫోల్డరు) చెడిందని అర్థం, ఫైళ్లు కొత్తదాంట్లోకి కాపీ చేసుకుని పాతది వదిలేయండి.

ఎవరైనా "అకౌంటును అడ్మిన్ చేసేస్తే పోతుంది బాసూ" అంటారు, వినవద్దు. ప్రాక్సీ తప్పుగా ఉంటే అడ్మిన్ అయినా పేజీ రాదు, ఊరికే తాళంచెవి ఇచ్చినట్టవుతుంది. ట్యాలీ (లెక్కల సాఫ్ట్‌వేర్) డేటా ఉన్న కంప్యూటర్లో అది అసలు వద్దు.

అన్నట్టు, సార్ పాస్‌వర్డ్ సంగతి. ఈ-వే బిల్లు పోర్టల్లోనే సబ్ యూజర్లను తయారు చేసుకునే ఏర్పాటు ఉంది. సార్ ఒక్కసారి తన లాగిన్ నుంచి నీ పేరున, నీ ఫోన్ నంబరుతో సబ్ యూజర్ పెడితే ఓటీపీ నీకే వస్తుంది. 2025 ఏప్రిల్ 1 నుంచి చిన్నా పెద్దా అందరికీ అక్కడ ఓటీపీ తప్పనిసరి చేశారు కదా. అది చేయకపోతే నెట్ వచ్చినా సార్ ఫోన్ ఎత్తేదాకా లారీ గేటు దగ్గరే.

రెండోది కావలి నుంచి ఒక అమ్మ ప్రశ్న. ఇంట్లో ఒక ల్యాప్‌టాప్, ఎనిమిదో తరగతి పాపకు మైక్రోసాఫ్ట్ ఫ్యామిలీలో చిన్నపిల్లల అకౌంటు పెట్టారు. పాప లాగిన్‌లో క్రోమ్ తెరిస్తే వెంటనే మూసుకుంటోంది, ఎడ్జ్ మాత్రం పనిచేస్తోంది. వైరస్ అని టెన్షన్ పడుతున్నారు.

వైరస్ కాదమ్మా. పనికిరాని సైట్లను ఆపే ఫ్యామిలీ సేఫ్టీ ఫిల్టరు ఎడ్జ్‌లో మాత్రమే పనిచేస్తుంది, అందుకే అది ఆన్ చేస్తే మిగతా బ్రౌజర్లను కట్టేస్తుంది. మామూలుగా అయితే అమ్మానాన్నల అనుమతి అడిగే బాక్స్ వస్తుంది. 2025 జూన్‌లో ఆ బాక్స్ కూడా రాకుండా క్రోమ్ ఊరికే మూసుకుపోయే బగ్ ఒకటి వచ్చింది, చాలామంది మీలాగే కంగారు పడ్డారు. ముందు విండోస్ అప్‌డేట్ పెట్టండి. తర్వాత మీ ఫోన్లో ఫ్యామిలీ సేఫ్టీ యాప్‌లో పాప పేరు కింద యాప్స్‌లో క్రోమ్ బ్లాక్ అయి ఉందేమో చూసి తీసేయొచ్చు. కానీ క్రోమ్ తెరిస్తే ఆ ఫిల్టరు దాన్ని పట్టదు. నా మాట వింటే, పాపకు ఎడ్జ్ చాలు. హోంవర్కుకు క్రోమే ఎందుకు?

మూడోది ఒంగోలు ఇంజినీరింగ్ విద్యార్థి, ఒక్క ముక్కలో. రూమ్‌లో అందరూ వాడే ఉబుంటు (విండోస్‌కు బదులు వాడే సిస్టమ్) కంప్యూటర్లో వైఫై తన లాగిన్‌లోనే వస్తోందట. నీ లాగిన్‌లో వైఫై పేరు పక్కన గేర్ గుర్తు నొక్కి, మేక్ అవైలబుల్ టు అదర్ యూజర్స్ అనే దగ్గర టిక్ పెట్టి అప్లై కొట్టు. ఆ టిక్ పెడితే వైఫై పాస్‌వర్డ్ నీ కీరింగ్‌లో (నీ ఒక్కడి పాస్‌వర్డ్లు దాచే చోటు) కాకుండా సిస్టమ్‌లో ఉంటుంది, ఎవరు లాగిన్ అయినా కలుస్తుంది. కరెంటు బిల్లులో వాళ్ల వాటా అడగడం నీ పని.