చిన్నమెదడులో ఎడమవైపు దెబ్బతింటే ఎడమ చేయే ఎందుకు తడబడుతుంది?

ప్రశ్న: నేను బైపీసీ చదువుతున్నాను. పెద్దమెదడులో ఎడమవైపు స్ట్రోక్ వస్తే కుడి కాలూ చేయీ పడిపోతాయని క్లాసులో చెప్పారు. మరి చిన్నమెదడులో ఎడమవైపు దెబ్బతింటే ఎడమవైపే తడబాటు వస్తుందట. అక్కడ నరాలు అటూ ఇటూ దాటవా అండీ?
- ఒక విద్యార్థిని

జవాబు: కొన్ని అసలు దాటవమ్మా, దాటినవేమో మళ్లీ వెనక్కి దాటేస్తాయి.

కాలి సంగతే చూడండి. కండరం ఎంత సాగింది, కీలు ఎంత వంగింది అన్న కబురు వెన్నుపాములోకి వెళ్లి, ఛాతీ భాగం నుంచి నడుము పైభాగం దాకా నిలువుగా ఉండే ఒక కణాల వరుసకు చేరుతుంది. దాన్ని క్లార్క్ కాలమ్ అంటారు. పాదం నరాలు ఇంకా కిందనే వెన్నుపాములోకి వస్తాయి, అక్కడ ఈ కాలమ్ ఉండదు కాబట్టి ముందు కొంత పైకి ఎక్కి దాన్ని అందుకుంటాయి. అక్కడ మొదలయ్యే డోర్సల్ స్పైనోసెరిబెల్లార్ ట్రాక్ట్ అనే నరాల దారి ఎటూ దాటకుండా అదే వైపు చిన్నమెదడుకు పోతుంది. చేతి కబురు మెడుల్లాలోని (మెదడు అడుగున వెన్నుపాముతో కలిసే భాగం) మరో కేంద్రం నుంచి వెళుతుంది, అదీ అదే వైపుకే.

కాలి వైపు నుంచే వెళ్లే మరో దారి, వెంట్రల్ ట్రాక్ట్ మాత్రం వెన్నుపాములోనే అవతలి వైపుకు దాటి, చాలావరకు చిన్నమెదడులోకి వెళ్లాక మళ్లీ ఇవతలికి వచ్చేస్తుంది. నాకు అన్నిటికన్నా ఆసక్తిగా అనిపించేది ఇదే, ఎందుకంటే ఇది కాలు ఏం చేసిందో చెప్పడం కన్నా కాలికి వెన్నుపాములో ఏం ఆదేశాలు అందుతున్నాయో ఎక్కువగా చెబుతుంది. ఆదేశాన్నీ జరిగిన కదలికనూ పోల్చి తేడాను సరిదిద్దడమే చిన్నమెదడు పని.

ఇక తిరుగు దారి. చిన్నమెదడు ఎడమ భాగం నుంచి బయల్దేరిన నరాలు దాటి, మెదడు లోపల కబుర్లు అందించే కేంద్రమైన థాలమస్ మీదుగా కుడి పెద్దమెదడుకు వెళతాయి, కుడి పెద్దమెదడు నడిపేది ఎడమ చేతిని. రెండుసార్లు దాటాక లెక్క మళ్లీ ఎడమకే వచ్చింది కదా!

ఈ దారులు పాడైతే ఏమవుతుందో ఫ్రెడరిక్ అటాక్సియా అనే వంశపారంపర్య జబ్బులో తెలుస్తుంది. జర్మన్ వైద్యుడు నికోలస్ ఫ్రెడరిక్ 1863లో దీన్ని వర్ణించారు, దీనికి కారణమైన 9వ క్రోమోజోమ్ మీది జన్యువు 1996లో దొరికింది. క్లార్క్ కాలమ్ కణాలు క్షీణిస్తాయి. ఎక్కువగా చిన్న వయసులోనే నడక తూలడం మొదలవుతుంది, చాలామందిలో గుండె కండరం కూడా దెబ్బతింటుంది. తల్లి నుంచీ తండ్రి నుంచీ లోపమున్న జన్యువు వస్తేనే ఈ జబ్బు వస్తుంది కాబట్టి మేనరికాల్లో అవకాశం పెరుగుతుంది. తూలుతున్న పిల్లల్ని అజాగ్రత్త అని తిట్టకుండా న్యూరాలజిస్టుకు చూపించమని మీ ఇంట్లో పెద్దవాళ్లకు కూడా చెప్పండి, జన్యు పరీక్షతో ఇది నిర్ధారణ అవుతుంది.