పాత లెక్క మళ్లీ ఎందుకు రావడం లేదు?

ప్రశ్న: బంగాళాఖాతంలోని ఆర్గో ఫ్లోట్ల (సముద్రంలో తేలియాడుతూ కొలతలు తీసే పరికరాలు) ఉష్ణోగ్రత కొలతలపై పీహెచ్‌డీ చేస్తున్నాను. మొదటి ఏడాది వేసిన గ్రాఫును కొత్త కంప్యూటర్‌లో మళ్లీ వేస్తే అంకెలు కొద్దిగా మారుతున్నాయి. లోపం ఎక్కడ వెతకాలి?
– పరిశోధక విద్యార్థిని, విశాఖపట్నం

జవాబు: ఈ చిక్కు మీ ఒక్కరిదే కాదు, 2016లో ‘నేచర్’ పత్రిక 1,576 మంది పరిశోధకులను అడిగితే, ఇతరుల ప్రయోగ ఫలితాలను తిరిగి రాబట్టలేకపోయామని 70 శాతానికి పైగా చెప్పారు.

దత్తాంశాన్ని (డేటాను) మళ్లీ డౌన్‌లోడ్ చేశారా? ఆర్గో కొలతలు మొదట తాత్కాలికంగా వెలువడి, నెలల తరువాత జరిగే నాణ్యతా పరిశీలనలో సవరణ పొందుతాయి కనుక, ఫైళ్లతో పాటు వాటిని తెచ్చుకున్న తేదీని కూడా నమోదు చేసి, ముడి ప్రతిని ఎవరూ మార్చకుండా విడిగా భద్రపరచాలి. ఎక్సెల్‌లో చేత్తో దిద్దిన గడులు ఉంటే (చాలా ప్రయోగశాలల్లో ఉంటాయి) అసలు అనుమానించవలసింది వాటినే. ఆ దిద్దుబాట్లన్నీ ప్రోగ్రాములోకి రావాలి.

కొత్త కంప్యూటర్‌లో పైథాన్ లైబ్రరీల (ప్రోగ్రాము వాడుకునే సిద్ధ కోడ్ సంపుటాల) వెర్షన్లు మారినా అంకెలు మారవచ్చు కనుక, ఆ వెర్షన్ల జాబితాను కోడ్‌తో పాటు గిట్‌లో (కోడ్ మార్పుల చరిత్రను దాచే సాధనంలో) ఉంచండి. డాకర్ (ప్రోగ్రామును, దానికి కావలసిన సాఫ్ట్‌వేర్‌ను కలిపి ఒకే పెట్టెలా కట్టే సాధనం) మేలైనదే గానీ, ఇవేవీ సరిచేయకుండా దానితో మొదలుపెడితే గందరగోళాన్ని పెట్టెలో సర్దినట్లే అవుతుంది. థీసిస్ సమర్పించే నాటికి కోడ్‌ను, దత్తాంశాన్ని ఐరోపా అణు పరిశోధన సంస్థ సెర్న్ నిర్వహించే జెనోడో అనే ఆన్‌లైన్ భాండాగారంలో జమచేస్తే, ఉచితంగానే శాశ్వత డీఓఐ సంఖ్య (ఇతరులు వాటిని వెతికి ఉదహరించేందుకు వీలైన గుర్తింపు) లభిస్తుంది.