ఆర్‌డీ 350: ప్యాకింగ్, నీడిల్ మార్చినా కార్బొరేటర్ నుంచి పెట్రోల్ కారుతోంది, ఏం చేయాలి?

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇది. హుజూరాబాద్‌లో మీ బాపు నడిపిన 1986 రాజ్‌దూత్ 350 (ఆర్‌డీ 350 అనేది దీన్నే) ఎడమ కార్బొరేటర్, అంటే ఇంజిన్‌కు పెట్రోల్‌ని గాలితో కలిపి ఇచ్చే భాగం, దాని ఓవర్‌ఫ్లో పైపు నుంచి చుక్కలు పడుతున్నాయి. ప్యాకింగ్, నీడిల్ (లోపలికి పెట్రోల్ రాకను ఆపే మొన) కొత్తవి వేయించినా ఆగలేదు, రెండు కార్బొరేటర్లూ తీసేసి వేరేవి పెడదామని మెకానిక్ అంటున్నాడు. దయచేసి అప్పుడే తీసేయకండి. ఆ మికునీ కంపెనీ కార్బొరేటర్లు చాలావరకు బాగుపడతాయి.

హన్మకొండలో మా కాక బండికి అచ్చం ఇదే వచ్చింది. ఏ షెడ్డుకు తీసుకెళ్లినా నీడిల్ మార్చడం, ఫ్లోట్ (పెట్రోల్ మీద తేలుతూ నీడిల్‌ని మూసే బుడ్డి) నాలుక వంచడం, అంతే. పొద్దున చూస్తే మళ్లీ కింద తడి. చివరికి దొరికిన లోపం బౌల్‌లోనే, అంటే కార్బొరేటర్ అడుగున పెట్రోల్ నిలిచే గిన్నెలోనే ఉంది. బౌల్ విప్పి చూడండి, లోపల సన్నటి ఇత్తడి గొట్టం నిలబడి ఉంటుంది. పెట్రోల్ మట్టం పెరిగితే దాని పైఅంచు నుంచి లోపలికి దిగి బయటికి పోవాలి. ఆ గొట్టానికి వెంట్రుకంత చీలిక వచ్చినా, మట్టం సరిగ్గా ఉన్నా సరే, పెట్రోల్ ఆ సందులోంచి కారిపోతుంది. అప్పుడు ఎన్ని నీడిళ్లు మార్చినా లాభం ఉండదు.

పరీక్ష సులువు. బౌల్ ఒక్కటే తీసి, గొట్టం అంచుకు కొంచెం కిందిదాకా పెట్రోల్ పోసి, పాత పేపర్ మీద కదలకుండా పెట్టండి. కాసేపటికి ఓవర్‌ఫ్లో ముక్కు కింద పేపర్ తడిస్తే దొంగ దొరికినట్టే. బౌల్‌ని కడిగి, పెట్రోల్ వాసన పూర్తిగా పోయేదాకా ఆరబెట్టాకే సోల్డరింగ్ చేయించాలి. అది కూడా ఐరన్‌తోనే. గ్యాస్ మంట చూపిస్తే బౌల్ వంకరపోతుంది. అతికించాక మళ్లీ పేపర్ మీద పెట్టి చూడాలి. కాక బండికి ఇలాగే చేశాం, కారడం ఆగింది.

పేపర్ పొడిగా ఉంటే ఇంకో దారి ఉంది. ఈ బండికి కార్బొరేటర్లు రెండు ఉండటం మీకు మేలే. ఎడమ బౌల్ కుడికి, కుడి బౌల్ ఎడమకు మార్చండి. కారడం బౌల్‌తో పాటు కుడివైపుకు పోతే తప్పు బౌల్‌ది. ఎడమలోనే ఉంటే ఫ్లోట్లు, తర్వాత నీడిల్‌ని అది కూర్చునే సీటుతో సహా ఒక్కొక్కటే మార్చి చూడండి. రెండు మూడు ఒకేసారి మారిస్తే మాత్రం ఏమీ తేలదు. ఫ్లోట్‌ని చెవి దగ్గర ఊపండి, లోపల పెట్రోల్ గలగలమంటే అది మునుగుతోందన్నమాట. సీటు కింద ఉండే వాషర్‌ని చాలామంది పట్టించుకోరు. అది లేకపోయినా, నలిగినా నీడిల్ ఎంత బాగున్నా పెట్రోల్ మర చుట్టూ దిగుతూనే ఉంటుంది.

పెట్రోల్ సంగతి కూడా చూసుకోవాలి. 2023లో మొదలైన ఈ20 ఇప్పుడు దాదాపు ప్రతి బంకులో అదే. అందులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది, పాతకాలం రబ్బరు దానికి ఉబ్బుతుంది, గట్టిపడుతుంది. కాబట్టి ఓ-రింగులు, నీడిల్ కొన ఇథనాల్‌కి తట్టుకునే విటాన్ అనే రబ్బరు రకానివి అడిగి తీసుకోండి. వరంగల్‌లో దొరక్కపోతే హైదరాబాద్ పుత్లీబౌలిలో అడగండి. ఇథనాల్ తేమను పీలుస్తుంది కూడా, నెలల తరబడి ఆగిన బండి ట్యాంకులో తుప్పు పెరుగుతుంది. ఆ తుప్పు నలుసు ఒక్కటి నీడిల్ కింద చిక్కినా కారుతుంది, అందుకే ముందు ట్యాంకు శుభ్రం చేసి, ఫిల్టర్ వేయండి.

ఇవన్నీ తేలేదాకా బండి ఆపిన ప్రతిసారీ పెట్రోల్ కాక్ మూసేయండి. ఇది టూ-స్ట్రోక్. నీడిల్ ఆపకపోతే, ఓవర్‌ఫ్లో పైపు మూసుకుపోయి ఉంటే, పెట్రోల్ క్రాంక్‌కేసులోకి, అంటే ఇంజిన్ అడుగు పెట్టెలోకి దిగొచ్చు. కిక్ గట్టిగా తగిలితే బలవంతంగా కొట్టకండి, ప్లగ్గులు రెండూ విప్పి, స్విచ్ ఆఫ్‌లో ఉంచి మెల్లగా కిక్ తిప్పి పెట్రోల్ బయటికి పోనివ్వండి. పని ఆరుబయటే చేయండి. వంటింటి పక్కన గానీ, దీపం పెట్టే చోట గానీ వద్దు.

బౌళ్లు మార్చాక చుక్క ఎటు పోయిందో రాయండి, తర్వాత ఏం చూడాలో చెప్తాను.