బ్రెజిల్ ఫుట్‌బాల్ ఆటగాడు జీకో ప్రపంచ కప్పు గెలవనే లేదు కదా, అంత గొప్పవాడని ఎందుకంటారు? గోవాకు కోచ్‌గా వచ్చి ఏం చేశాడు?

మీ ప్రశ్నలో రెండు సంగతులున్నాయి. మూడు ప్రపంచ కప్పులు ఆడి ఒక్కటీ గెలవని ఆటగాడికి ఇంత పేరెందుకన్నది మొదటిది. మన దేశానికి వచ్చి గోవా జట్టుకు కోచ్‌గా ఏం చేశాడన్నది రెండోది. ఆ రోజుల్లో నేను ఉద్యోగరీత్యా గోవాలో ఉండేవాణ్ణి. వెర్నాలో మందుల కంపెనీ, మడగావ్‌లో అద్దె ఇల్లు. ఫతోర్డా స్టేడియం దగ్గరే కాబట్టి సొంత మైదానంలో జరిగిన మ్యాచులు వీలైనన్ని చూశాను. అందుకని రెండో దానికి కాస్త ఎక్కువ చోటిస్తాను.

జీకో అసలు పేరు ఆర్థర్ అంతూనెస్ కోయింబ్రా. 1953లో రియో డి జనీరో శివారు కింటినోలో పుట్టాడు. ఇంట్లో అన్నలు కూడా ఫుట్‌బాల్ ఆటగాళ్లే. ఈ కుర్రవాడు మరీ బక్కపలచగా ఉండేవాడు. ఫ్లమెంగో క్లబ్బు వారు ప్రత్యేకంగా ఆహారం, వ్యాయామం ఏర్పాటు చేసి ఆ ఒంటికి కండ పట్టించారు. ఫ్రీకిక్కులు (ప్రత్యర్థి తప్పు చేసినప్పుడు ఆగి ఉన్న బంతిని తన్నే అవకాశం) కొట్టే నేర్పు మాత్రం ఎవరో పెట్టిన భిక్ష కాదు. శిక్షణ ముగిసి అందరూ వెళ్లిపోయాక గోలుపోస్టు పైమూలకు చొక్కా వేలాడదీసి గురిపెట్టేవాడు. ఆ సాధన ఫలమంతా 1981లో కనిపిస్తుంది. దక్షిణ అమెరికా క్లబ్బుల కప్పు లిబెర్తదోరెస్ ఫైనల్‌లో చిలీ జట్టు కోబ్రెలోవాతో మూడు మ్యాచులు ఆడాల్సి వచ్చింది. ఫ్లమెంగో కొట్టిన నాలుగు గోల్స్ జీకోవే. ఆ డిసెంబరులో టోక్యోలో యూరప్ విజేత లివర్‌పూల్‌ను 3-0తో ఓడించారు.

ఇక ప్రపంచ కప్పుల సంగతి. 1978లో స్వీడన్ మీద చివరి క్షణంలో కార్నర్ నుంచి వచ్చిన బంతిని తలతో గోలులోకి పంపాడు. బంతి గాల్లో ఉండగానే రిఫరీ క్లైవ్ థామస్ ఆట ముగిసిందని విజిల్ ఊదేశాడు, గోలు చెల్లలేదు. 1982లో ఇటలీతో డ్రా చేసుకున్నా సెమీఫైనల్ చేరేవారే, కానీ ఇటలీ ఆటగాడు పావొలో రోసీ మూడు గోల్స్ కొట్టడంతో 3-2తో ఓడారు. ఆ బ్రెజిల్ జట్టు గురించి ఇప్పటికే చాలామంది రాశారు, నేను కలపగలిగిందేమీ లేదు.

నాకు ఎక్కువ బాధ కలిగించేది 1986. అంతకు ముందటి ఏడాది ఒక డిఫెండర్ మొరటుగా అడ్డుపడటంతో మోకాలు దెబ్బతింది. పూర్తిగా కోలుకోకుండానే మెక్సికో వెళ్లాడు. ఫ్రాన్స్‌తో క్వార్టర్ ఫైనల్‌లో ఆలస్యంగా మైదానంలోకి వచ్చాడు. వచ్చీ రాగానే అతను అందించిన బంతితో బ్రాంకో దూసుకుపోయి పెనాల్టీ సంపాదించాడు. ఆ పెనాల్టీ జీకోనే కొట్టాడు, గోల్‌కీపర్ బాట్స్ ఆపేశాడు. చివరికి షూటౌట్‌లో, అంటే సమంగా ముగిసిన ఆటను తేల్చే పెనాల్టీల పోటీలో, బ్రెజిల్ ఓడింది. ఆ షూటౌట్‌లో జీకో తన వంతు గోలు కొట్టాడు, ఫ్రాన్స్ మేటి ఆటగాడు ప్లాటినియేమో పైకి బాదేశాడు. అయినా ఫ్రాన్స్ గెలిచింది కాబట్టి ప్లాటిని తప్పు ఎవరికీ పట్టలేదు, జీకో తప్పు నలభై ఏళ్లయినా వదలలేదు. ఆటగాణ్ణి కప్పుతో కొలిస్తే జరిగేది ఇదే.

మధ్యలో ఇటలీలో ఉదినేజె అనే చిన్న క్లబ్బుకు ఆడాడు. మొదటి లీగ్ సీజన్‌లో 24 మ్యాచుల్లో 19 గోల్స్. ఆ ఏడు అందరికంటే ఎక్కువ కొట్టిన ప్లాటినివి 20.

నా దృష్టిలో జీకో అసలు ఘనత జపాన్‌లో ఉంది. ఆట మానేసి, కొన్నాళ్లు బ్రెజిల్ ప్రభుత్వంలో క్రీడల బాధ్యత కూడా చూసిన మనిషి, 38 ఏళ్ల వయసులో 1991లో కషిమా అనే ఉక్కు కర్మాగారాల ఊరికి వెళ్లాడు. సుమితొమొ మెటల్స్ కంపెనీ జట్టు అది, రెండో శ్రేణి లీగ్‌లో ఆడుతుండేది. అదే కషిమా ఆంట్లర్స్‌గా మారింది. 1993 మేలో జపాన్ వృత్తి ఫుట్‌బాల్ లీగ్ అయిన జె.లీగ్ మొదలైనప్పుడు తొలి మ్యాచ్‌లో నగోయా గ్రాంపస్ మీద 5-0తో గెలిచింది. అందులో మూడు గోల్స్ నలభై ఏళ్ల జీకోవి. తర్వాతి కాలంలో జె.లీగ్‌ను అత్యధిక సార్లు గెలిచిన క్లబ్బు కూడా అదే. అక్కడ స్టేడియం బయట అతని విగ్రహం పెట్టారు. జపాన్ జాతీయ జట్టుకు కోచ్‌గా 2004 ఆసియా కప్పూ సాధించాడు.

అలాంటివాడు 2014లో ఇండియన్ సూపర్ లీగ్ జట్టు ఎఫ్‌సీ గోవాకు కోచ్‌గా వస్తున్నాడంటే మా ఇంటి యజమాని నమ్మలేదు. పోర్చుగీసు పాలన చూసిన పెద్దమనిషి, ఆ భాష ఇంకా మాట్లాడేవారు. జీకో టీవీలో మాట్లాడుతుంటే అనువాదం అక్కర్లేకుండా విని మాకు చెప్పేవారు. ఆ ఆనందం చూడాల్సిందే. తొలి ఏడాది జట్టు సెమీఫైనల్ చేరింది. రెండో ఏడాది పట్టికలో అగ్రస్థానం, ముంబైపై 7-0 గెలుపు. బంతి దొరికితే ముందుకే వెళ్లే ఆట అది. వెనక ఖాళీలు వదిలేయడం కూడా అంతే సహజంగా జరిగేది, ఆ మాట దాచను.

2015 డిసెంబరు 20న ఫతోర్డాలోనే ఫైనల్, ప్రత్యర్థి చెన్నైయిన్. 87వ నిమిషంలో జోఫ్రె ఫ్రీకిక్‌తో గోవా 2-1తో ముందుకు వెళ్లింది. మా వరుసలో అప్పటికే టపాకాయలు బయటికి తీశారు. 90వ నిమిషంలో బంతి మన గోల్‌కీపర్ చేతికే తగిలి సొంత గోలులో పడింది. ఆ వెంటనే చెన్నైయిన్ ఆటగాడు మెండోజా ఇంకోటి కొట్టాడు. 3-2. 1982లో ఇటలీతో ఓడినప్పటి అంకే మళ్లీ! ఈయన నొసటి రాతేమిటో అనుకుంటూ ఇంటికి నడిచాను. మరుసటి ఏడాది జట్టు అట్టడుగున నిలిచింది, జీకో కొనసాగలేదు. కాబట్టి గోవాలో కప్పు రాలేదన్నది నిజమే. అయితే ఆ రెండేళ్లూ టికెట్లకోసం మా కంపెనీలో క్రికెట్ తప్ప మరొకటి ఎరగని తెలుగువాళ్లు కూడా నన్ను వేధించేవారు.

అతని ఆట చూడాలనుకుంటే 1982 ప్రపంచ కప్పు వీడియో ముక్కలతో మొదలుపెట్టకండి. టోక్యోలో లివర్‌పూల్‌తో జరిగిన మ్యాచ్ మొదటి సగం చూడండి. మూడు గోల్స్ అందులోనే ఉన్నాయి. రెండు నూనెస్ కొట్టాడు, ఒకటి అడీలియో. నూనెస్‌కు రెండుసార్లూ బంతి అందించింది జీకో, అడీలియో గోలు జీకో కొట్టిన ఫ్రీకిక్‌ను కీపర్ పట్టలేక వదిలేస్తే వచ్చింది.