ఎనిమిదో తరగతి చదువుతున్న మనవరాలికి

చిట్టితల్లీ,

మీ అమ్మ నిన్న ఫోన్ చేసి, "పిన్నీ, దీన్ని ఇప్పట్నుంచే ఐఐటీ ఫౌండేషన్ కోచింగ్ చెప్పే బడిలో వెయ్యమంటావా, ఊళ్లో హైస్కూల్లోనే ఉంచమంటావా?" అని అడిగింది. ఆ జవాబు నీకే రాస్తున్నాను, చదవాల్సింది నువ్వు కాబట్టి.

బడి మార్చొద్దు. మీ లెక్కల పుస్తకంలో ప్రతి అభ్యాసం ఎవర్నీ అడక్కుండా చెయ్యగలిగితే ఈ వయసుకి అదే పునాది. నేను 31 ఏళ్లు లెక్కలు చెప్పాను. ఇంటర్లో ఫిజిక్స్ దగ్గర తడబడ్డ పిల్లల్లో ఎక్కువమందికి అసలు ఇబ్బంది ఎనిమిది, తొమ్మిది తరగతుల బీజగణితంలోనే ఉండేది.

ఈ ఏడాది నువ్వు వదులుకోకూడనిది, కేంద్ర ప్రభుత్వ స్కాలర్‌షిప్ కోసం పెట్టే ఎన్‌ఎంఎంఎస్ పరీక్ష. ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల్లో ఎనిమిదో తరగతి పిల్లలకే అది. ఇంటి ఆదాయం ఏడాదికి 3.5 లక్షలు దాటకూడదు. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడు దాకా ఏటా 12,000 రూపాయలు నీ ఖాతాలో పడతాయి. మ్యాట్‌లో 90 ప్రశ్నలు, శ్యాట్‌లో 90. శ్యాట్ బడి పాఠాల్లోంచి వస్తుంది. మ్యాట్ అంటే సంఖ్యల వరుసలు, బొమ్మల పోలికలు, అలాంటివి. సాధన చేసినకొద్దీ పట్టుబడతాయి. డబ్బు రావడం ఆగకూడదంటే పదో తరగతిలో 60 శాతం తెచ్చుకోవాలి. ప్రకటన వచ్చిందేమో రేపే మీ హెడ్మాస్టరుగారిని అడుగు.

ఇంకో పని కూడా ఈ ఏడాదే అయిపోవాలి. బళ్లో అడ్మిషన్ రిజిస్టరు తీయించి, అందులో నీ పేరు ఎలా ఉందో చూడు. పక్కన ఆధార్ కార్డు పెట్టుకుని ఇంగ్లీషు స్పెల్లింగు అక్షరం అక్షరం పోల్చు. ఇంటిపేరు పూర్తిగా రాశారా, పొడి అక్షరమే వేశారా? అమ్మ పేరు, నాన్న పేరు, పుట్టినతేదీ కూడా చూడు.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, ఒక ఏడాది పదో తరగతి నామినల్ రోల్స్, అంటే పరీక్ష రాసే పిల్లల వివరాల జాబితా, సరిచూసే పని నాకు పడింది. ఒక్కో వరుస కింద స్కేలు పెట్టి చదవాల్సిన పని అది. చీకటి పడింది, కరెంటు పోయింది, చివరి పేజీ గబగబా తిప్పేసి సంతకం పెట్టేశాను. ఆ పేజీలో ఒక అమ్మాయి తండ్రి పేరులో ఒక అక్షరం ఎగిరిపోయింది. మార్కుల మెమో అలాగే అచ్చయి వచ్చింది. పాలిటెక్నిక్ కౌన్సెలింగ్‌లో ఆధార్‌కీ మెమోకీ పొంతన లేదని ఆపేశారు. వాళ్ల నాన్న కూలి మానుకుని మూడుసార్లు తిరిగాడు. చివరికి సీటొచ్చింది గానీ, అప్పటికి ఆ పిల్ల కోరుకున్న బ్రాంచి నిండిపోయింది. వాళ్ల నాన్న నన్ను ఒక్క మాట అనలేదు. ఆ అక్షరం మాత్రం ఇప్పటికీ నాకు కనిపిస్తూనే ఉంటుంది. తేడా ఉంటే ఇప్పుడే అర్జీ పెట్టించు. పదో తరగతి మెమో అచ్చయ్యాక మార్పించడం గగనం. కాలేజీ, ఉద్యోగం, పాస్‌పోర్టు అన్నీ దాన్నే చూస్తాయి.

తొమ్మిదో తరగతి అయ్యాక వచ్చే వేసవి నాకివ్వు. పనిచేసేవాళ్ల దగ్గర రెండేసి రోజులు కూచుని చూడాలి నువ్వు. బ్యాంకు, రక్తపరీక్షల ల్యాబు, రైతు సేవా కేంద్రం, కరెంటు సబ్‌స్టేషన్, ఏదైనా సరే. మా బడి వెనక పశువుల ఆసుపత్రిలో ఒక కుర్రాణ్ని అలాగే కూచోబెట్టాను. ఒక రాత్రి ఈనలేక అవస్థపడుతున్న గేదెని తోలుకొచ్చారు. డాక్టరుగారు భుజం దాకా చెయ్యి పెట్టి దూడని సర్దుతుంటే వీడు టార్చిలైటు పట్టుకున్నాడు. దూడ లేచి నిలబడ్డాక, ఆ పేడ చొక్కాతోనే మా ఇంటికి పరిగెత్తుకొచ్చాడు. బీవీఎస్సీ అని పశువుల డాక్టరు చదువు ఒకటుందని అంతవరకూ వాడికి తెలీదు. నువ్వు వెళ్లినచోటల్లా మూడే అడుగు: ఏం చదివారు, ఎన్నేళ్లు పట్టింది, మొదటి నెల చేతికెంత వచ్చింది. ఒక నోటుబుక్కులో రాసుకో.

ఆ నోటుబుక్కు పదో తరగతి అయ్యాక ఇంటర్లో గ్రూపు ఎంచుకునేటప్పుడు పనికొస్తుంది. ఎంపీసీ (లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ) ఒక్కటే తీసుకుంటే డాక్టరు చదువు లేనట్టే. బైపీసీ (లెక్కల బదులు జీవశాస్త్రం) ఒక్కటే అయితే ఇంజనీరింగులో చాలా బ్రాంచీలు పోతాయి. బీఫార్మసీకి ఇద్దరూ వెళ్లొచ్చు. లెక్కలు, వ్యాపారం రెండూ ఇష్టమైతే ఎంఈసీ (లెక్కలు, ఎకనామిక్స్, కామర్స్) తీసుకుని సీఏ వైపు వెళ్లు. లా చదవడానికీ గ్రూప్స్, సివిల్స్ రాయడానికీ ఏ గ్రూపైనా అడ్డు రాదు. మీ నాన్న ఇంజనీరింగే అంటున్నాడని విన్నాను. ఎదురు చెప్పకు, నోటుబుక్కు చూపించు. రాసుకున్న లెక్క ముందుంటే మీ నాన్న వింటాడు, వాణ్ని నేనెరుగుదును.

ఇంటర్ ఒక్కటే దారి అనుకోవద్దు. నూజివీడు, ఇడుపులపాయ, ఒంగోలు, శ్రీకాకుళం ట్రిపుల్ ఐటీల్లో పదో తరగతి మార్కుల మీదే సీటిస్తారు. ఆరేళ్ల చదువు, చివర్న బీటెక్. పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష పాలిసెట్ రాసి మూడేళ్ల డిప్లొమా చేస్తే ఈసెట్ అనే ప్రవేశ పరీక్షతో నేరుగా బీటెక్ రెండో ఏడులోకి వెళ్లొచ్చు. ఇంట్లో డబ్బుకి ఇబ్బందైతే డిప్లొమా తర్వాత ఉద్యోగంలోనూ చేరొచ్చు. నేనైతే దీన్ని తక్కువగా చూడను.

పదో తరగతి పరీక్షలు కాకముందే కాలేజీల పీఆర్వోలు ఇంటికొస్తారు. ఫీజు తగ్గిస్తాం, ఇవాళే కట్టండి అంటారు. ఫలితాలొచ్చేదాకా ఒక్క రూపాయి కట్టనివ్వకు. హాస్టల్లో వెయ్యాలనుకుంటే నాన్నతో కలిసి రాత్రి భోజనాల వేళకి వెళ్లి, రెండో ఏడాది అమ్మాయిలతో విడిగా మాట్లాడు. ఎన్నింటికి లేపుతారు, ఆదివారం ఇంటికి ఫోన్ చెయ్యనిస్తారా, జ్వరమొస్తే ఎవరు చూస్తారు అని అడుగు. బాత్రూములూ చూడు. వాళ్లు చెప్పడానికి భయపడితే అక్కడ చేరొద్దు. ఎక్కడ చేరినా, ఆరో తరగతి నుంచి చదివిన ప్రతిచోటా స్టడీ సర్టిఫికెట్ తీసుకుని దాచు. ఇంజనీరింగ్ కౌన్సెలింగ్‌లో నువ్వు లోకలో కాదో వాటితోనే తేలుస్తారు.

దసరాకి వస్తారుగా. ఆధార్ జిరాక్సు, రిజిస్టరులో పేరు ఉన్నదున్నట్టు రాసుకున్న కాగితం, ఎన్‌ఎంఎంఎస్ పాత పేపర్లు దొరికినన్ని తెచ్చుకో. మధ్యాహ్నం అరుగు మీద కూచుని మ్యాట్ మొదలుపెడదాం.

మీ చిన్నమ్మమ్మ